ఏజెంటు లేని దారి

2019 జూన్. సంతబొమ్మాళి మండలంలో, నౌపడ ఉప్పు మళ్లకు దగ్గరలో ఒక పల్లె. రాత్రి భోజనాలయ్యాయి. అరుగు మీద తండ్రి, ఇంటర్ పాసైన చిన్నకొడుకు, పిల్లాడి మేనమామ, టెక్కలి నుంచి బండి మీద వచ్చిన ఏజెంటు కూర్చున్నారు. తల్లి గడప దగ్గర నిలబడింది.

"సగం ఇప్పుడు, సగం వీసా వొచ్చాక. గుంటడికి వెల్డరు పని. రెండేళ్లు ఓపిక పడితే ఇల్లు కట్టీసుకోవచ్చు మావయ్యా" అన్నాడు ఏజెంటు.

తండ్రి కాసేపు మాట్లాడలేదు.

"పెద్దోడికీ వెల్డరనే సెప్పినారు బాబూ. ఎల్లాక చూస్తే హెల్పరు. జీతం సగానికి సగం. పాస్‌పోర్టు కంపెనీవోడి బీరువాలో. మల్లీ అదే మాట ఇంటన్నాను."

"ఆ కంపెనీ వేరు, ఇది వేరు మావయ్యా."

గడప దగ్గర నుంచి తల్లి అందుకుంది. "వేరావల్ ఎల్లినోల్లు ఇంకా కరాచీ జైల్లోనే ఉన్నారంట గదా. ఈడిని నేను ఎక్కడికీ పంపను."

ఆ తల్లి భయానికి కారణం ఉంది. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లు ఇల్లు చేరింది 2020 జనవరిలో. ఈ అరుగు మీద మాటలు నడుస్తున్న రాత్రికి వాళ్లింకా అక్కడి జైల్లోనే ఉన్నారు.

పాఠకులకు ఒక మాట ముందే చెప్పాలి. ఈ తండ్రీ, తల్లీ, మేనమామా, ఏజెంటూ ఒకే ఇంటి మనుషులు కారు. ఈ తీరంలో ఇంటింటా జరిగే కథను ఒక అరుగు మీదికి చేర్చి రాస్తున్నాను. సంస్థలు, సంవత్సరాలు, చట్టాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

మేనమామది వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆయన కొబ్బరి తోట, జీడి తోట ఒక్క పూటలో నేలకొరిగాయి. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. ఆ తోటల సీమ ఉద్దానంలో అప్పటిదాకా 'చదువు అబ్బకపోయినా తోట ఉంది' అనుకున్న ఇళ్లన్నిటికీ ఆ పొద్దు ఆ ధైర్యం పోయింది. అందుకే మేనమామ ఏజెంటు ముందే మాట తీశాడు.

"బావా, పర్లాకిమిడిలో యూనివర్సిటీ ఉంది గదా. మా పక్కింటోల్ల పిల్ల అక్కడే సదువుతంది. సదువుతో పాటే పనీ నేర్పుతున్నారు. ఆఖర్న కంపెనీకి పంపి, అక్కడ కొన్నాళ్లు పని చేయిస్తారంట. నెలకింతని ఇస్తారంట కూడా."

"దానికి ఎవుడికి కట్టాల?"

"ఎవుడికీ కట్టక్కర్లేదు. ఫీజు కడితే సాలు."

"ఆ ఫీజుకి రీయింబర్సుమెంటు వస్తాదా?"

మేనమామ తల అడ్డంగా ఊపాడు. "అది ఒరిస్సా. మనకి రాదు."

ఏజెంటు నవ్వాడు. తన బేరం ఇంకా బతికే ఉందని అతనికి తెలుసు.

ఉద్యోగం మీదే దృష్టి పెట్టి, పని చోటికి పంపి నేర్పించే విశ్వవిద్యాలయాలకు ఇంత ఆదరణ ఎందుకని అడిగితే పెద్ద పెద్ద మాటలు వినిపిస్తాయి: నైపుణ్యం, పోటీ ప్రపంచం, పరిశ్రమల అవసరం. అవన్నీ నిజమే కావచ్చు. ఈ తీరంలో నాకు కనిపించే కారణం వేరు. మన దగ్గర చదువుకున్న కుర్రాడికీ పనికీ నడుమ ఎప్పుడూ ఒక మూడో మనిషి ఉన్నాడు. గల్ఫ్‌కు పంపే ఏజెంటు, ఓడ ఎక్కిస్తానని కోర్సు అంటగట్టేవాడు, హైదరాబాదులో 'బ్యాక్‌డోర్' ఉద్యోగం ఇప్పిస్తానని లక్షలు అడిగేవాడు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు ఎవరినీ విదేశీ కొలువుకు పంపకూడదు. రిజిస్టరైన వాడు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. ఈ రెండు ముక్కలు తెలిసిన తండ్రులు మన పల్లెల్లో ఎంతమంది? కుర్రాణ్ని పని దాకా తీసుకెళ్లే బాధ్యత ఒక యూనివర్సిటీ తన మీద వేసుకుందంటే, ఏజెంటు కూర్చునే చోటులో అది కూర్చుంది. దానికి గేటుంది, రిజిస్ట్రారున్నాడు, రేపు మోసం జరిగితే వెళ్లి నిలదీయడానికి ఒక చిరునామా ఉంది. తల్లిదండ్రులు ఫీజు కట్టేది ఆ చిరునామాను నమ్మి.

పర్లాకిమిడికి మనకూ పాత చుట్టరికం. సంతబొమ్మాళి మండలంలోని నౌపడ నుంచే పర్లాకిమిడి రాజావారు చిన్న రైలు వేయించారు. 1900లో బండి నడిచింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. 1931కి ఆ దారి గుణుపూర్ దాకా సాగింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరది. ఆయన సవర భాష నేర్చుకున్నది పుస్తకం చదివి కాదు, అప్పటికి ఆ భాషకు పుస్తకమే లేదు. సవరలతో కూర్చుని, వాళ్ల నోట విని నేర్చుకున్నారు. ఏ పనైనా అది చేసేవాళ్ల దగ్గరే నేర్చుకోవాలన్న మాటకు ఆ ఊళ్లో అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఆ ఊరికి ఆనుకుని 1997లో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ వెలిసింది. పేరు జగన్నాథ్ ఇన్‌స్టిట్యూట్. కొండల నడుమ, పెద్ద నగరాలకు దూరంగా ఉన్న ఆ కాలేజీ నిలదొక్కుకోలేకపోయింది. 2005లో ముక్తికాంత మిశ్రా, డి.ఎన్. రావు తదితరులు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. అప్పటి పరిస్థితి ఒక్కసారి ఊహించండి. 2004లోనే చిన్న రైలు ఆగిపోయింది, బ్రాడ్‌గేజి పనులు ఇంకా పూర్తి కాలేదు. 2006 మార్చి 24న అదే గజపతి జిల్లాలోని ఆర్. ఉదయగిరి మీద మావోయిస్టులు దాడి చేసి జైలు తలుపులు తెరిచారు. అలాంటి చోటికి పిల్లల్ని పంపమంటే ఏ తల్లిదండ్రులు పంపుతారు? కంపెనీలు ఎందుకొస్తాయి?

అక్కడ నడిపేవాళ్లు ఎన్నుకున్న దారి నన్ను ఆకట్టుకుంది. ఇంజనీరింగు సీట్లు నింపుకునే పనితోనే ఆగిపోకుండా, బడి మానేసిన గిరిజన యువకులకు చేతిపనులు నేర్పే గ్రామ తరంగ్ అనే సంస్థను పక్కనే నిలబెట్టారు. ఐటీఐ కుర్రాడూ బీటెక్ కుర్రాడూ ఒకే ఆవరణలో, ఒకే యంత్రాల దగ్గర పని చేసే వాతావరణం అలా ఏర్పడింది. క్యాంపస్‌లలోనే తయారీ కేంద్రాలు పెట్టారు. మార్కుల కోసం చేసి మూలన పడేసే నమూనా వేరు, బయటవాడు డబ్బిచ్చి కొనుక్కునే వస్తువు వేరు. కొనేవాడు కొలత ఒక నూలు తప్పినా వెనక్కి పంపేస్తాడు. తరగతి గదిలో ఎన్నేళ్లు కూర్చున్నా రాని జాగ్రత్త ఆ వెనక్కి వచ్చిన ముక్కతో వస్తుంది. 2010లో ఒడిశా శాసనసభ చట్టం ద్వారా ఇదే సెంచూరియన్ విశ్వవిద్యాలయమైంది. 2017లో మన విజయనగరం జిల్లాలోనూ దాని పేరిట విశ్వవిద్యాలయం వచ్చింది. 2011 నాటికి బ్రాడ్‌గేజి రైలు గుణుపూర్ దాకా మళ్లీ నడిచింది. నౌపడలో ఎక్కిన పిల్లాడు పర్లాకిమిడిలో దిగే దారి తెరుచుకుంది.

చదువుతో పాటే పని నేర్పాలన్న ఈ ఆలోచన పర్లాకిమిడిలో పుట్టింది కాదు. దీని మూలం 1906 నాటిది, అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఉంది. దాన్ని మొదలుపెట్టిన మనిషి పేరు హెర్మన్ ష్నైడర్. పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊళ్లో పుట్టాడు, పని చేసుకుంటూ ఇంజనీరింగు చదివాడు. లీహై విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక సాయంత్రం క్యాంపస్‌లో నడుస్తుంటే పక్కనున్న ఉక్కు కర్మాగారం కొలిమి ఒక్కసారిగా భగ్గుమందట. ఇంత పెద్ద ప్రయోగశాల గోడవతల పెట్టుకుని, గోడ లోపల మనం మళ్లీ చిన్న చిన్న ప్రయోగశాలలు కట్టుకోవడం ఎందుకు అన్న ఆలోచన అక్కడే తట్టిందని చెబుతారు. పైకి రావడం ఎవరికి చేతనైందని పాత విద్యార్థులను ఆరా తీస్తే, చదువుకుంటూనే పని చేసినవాళ్లే ముందుకొచ్చారని ఆయనకు తేలింది.

సిన్సినాటి పెద్దలు అరమనసుతో ఒప్పుకున్నారు. ఒక్క ఏడాది చేసి చూడు, చెడితే మాకు సంబంధం లేదన్నట్టుగా అనుమతి ఇచ్చారు. 27 మందితో మొదలైంది. పద్ధతి చాలా సులువు. విద్యార్థులను జతలుగా విడదీశారు. ఈ వారం ఒకడు తరగతిలో, రెండోవాడు ఫ్యాక్టరీలో. వచ్చే వారం చోట్లు మారతాయి. ఫ్యాక్టరీకి యంత్రం దగ్గర మనిషి లోటు రాదు, కాలేజీకి బెంచీ ఖాళీ అవదు. కుర్రాడికి కూలీ వస్తుంది. ఇంటి నుంచి డబ్బు రాని పిల్లలు ఇంజనీర్లు కాగలిగారు. నన్నడిగితే ఈ చదువుకు జనం మొగ్గడానికి అసలు కారణం ఆ కూలీయే. పేదవాడికి చదువంటే ఫీజు ఒక్కటే కాదు, ఆ నాలుగేళ్లూ సంపాదన లేకుండా ఉండడం కూడా. ఆ రెండో భారాన్ని కొంతైనా దించిన చదువు కాబట్టి జనం దాన్ని పట్టుకున్నారు.

1956లో కెనడాలో ఐరా నీడిల్స్ అనే టైర్ల కంపెనీ అధిపతి ఒక సభలో నిలబడి దేశానికి లక్షా యాభై వేల మంది ఇంజనీర్లు కావాలన్నాడు. మరుసటి ఏడాది వాటర్లూలో ఒక టర్ము చదువు, ఒక టర్ము ఉద్యోగం అన్న పద్ధతిలో తరగతులు మొదలయ్యాయి. ఇది విశ్వవిద్యాలయం చేయాల్సిన పనేనా అని పాత విశ్వవిద్యాలయాల వాళ్లు ముఖం చిట్లించారు. ఈ రోజు మన తెలుగు పిల్లలు కెనడా అంటే మొదట చెప్పే పేర్లలో వాటర్లూ ఒకటి. మన దేశంలో సి.ఆర్. మిత్ర డైరెక్టరుగా ఉండగా 1973లో బిట్స్ పిలానీ 'ప్రాక్టీస్ స్కూల్' పెట్టింది. పరిశ్రమలో గడిపిన నెలలకు కూడా మార్కులుంటాయి, దగ్గరుండి చూసే అధ్యాపకుడు ఉంటాడు.

మళ్లీ అరుగు దగ్గరికి వద్దాం. ఏజెంటు వెళ్లిపోయాడు. తండ్రి కొడుకు వైపు తిరిగాడు.

"నీకేటనిపిస్తంది?"

"నాన, నేను గల్ఫ్‌కి ఎల్తే అన్నయ్యలాగే ఎల్తాను. సదువుకుని ఎల్తే వేరేలాగ ఎల్తాను."

మర్నాడు తండ్రీ మేనమామా టెక్కలిలో బ్యాంకుకు వెళ్లారు. విద్యా రుణం 4 లక్షల రూపాయల వరకూ ఆస్తి తాకట్టు అడగకూడదన్న నిబంధన ఉంది. తండ్రి కూడా సంతకం పెడితే చాలు. పెట్టాడు. కొన్నాళ్లకు కుర్రాడు నౌపడలో రైలెక్కాడు.

మొదటి ఏడాదంతా వర్క్‌షాపులో చేతులు కాల్చుకోవడంతోనే సరిపోయింది. వెల్డింగు చేసిన అతుకును కోసి చూపించి, లోపల గాలి బుడగలెందుకు మిగిలాయో చెప్పేవారు. పెద్దన్న ఏళ్ల తరబడి గల్ఫ్‌లో వెల్డింగు దగ్గర సామాను మోశాడు, ఆ అతుకు లోపల ఏముంటుందో ఎవరూ అతనికి చూపలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. క్యాంపస్ మూసేశారు. తమ్ముడు ఇంటికొచ్చాడు. కొన్ని నెలలకు విమానాలు నడిచాక అన్న కూడా వచ్చేశాడు. ఒకే అరుగు మీద తమ్ముడు ఫోనులో పాఠం వింటుంటే అన్న పక్కన కూర్చుని చూసేవాడు.

"చేత్తో చేసే సదువు ఫోన్లో సెప్తే ఎలగరా?" అన్నాడొక రోజు.

జవాబు లేదు. పని నేర్పుతామన్న ప్రతి సంస్థకూ ఆ ఏడాది అదే దెబ్బ. బొమ్మ చూసి వెల్డింగు రాదు. కొన్నిచోట్ల ఇంటర్న్‌షిప్పులు వాయిదా పడ్డాయి, కొన్నిచోట్ల కాగితం మీదే పూర్తయ్యాయి. అలా కాగితంతో బయటపడిన పిల్లలు తర్వాత ఇంటర్వ్యూలలో పడ్డ కష్టం మనకు తెలుసు.

కాగితం మాట వచ్చింది కాబట్టి అంటున్నాను. మన రాష్ట్రంలో 2020లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి మూడేళ్లలో 10 నెలల ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేశారు. ఉద్దేశం గొప్పది. బీఏ, బీకాం చదివే పల్లెటూరి పిల్లకు కూడా పని చోటు చూసే హక్కు వచ్చింది. కానీ ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా అన్ని వేల మంది పిల్లల్ని తీసుకుని, కూర్చోబెట్టి నేర్పే సంస్థలెక్కడున్నాయి? జీడి పరిశ్రమలున్నాయి, గ్రానైటు కటింగు యూనిట్లున్నాయి. మనిషిని నేర్పుగా నడిపే ఓపిక అన్నిటికీ ఉండదు. ఆ ఖాళీలోకి సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు దిగారు. డబ్బు కడితే రెండు నెలల పని చేసినట్టు కాగితం వస్తుంది. అరుగు మీద నుంచి లేచి వెళ్లిన ఏజెంటు ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని మళ్లీ వచ్చాడని నా బాధ. ఇలాంటి కాగితం కొన్న పిల్లాడు మోసగాడు కాడు, అతనికి చోటు చూపించని వ్యవస్థదే ఆ తప్పు.

అందరికీ పర్లాకిమిడి ఫీజు కట్టే తాహతు ఉండదు కూడా. అలాంటి ఇళ్ల కోసమే 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (జనం నోట ట్రిపుల్ ఐటీ) వచ్చింది. ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి గారి ఆలోచన దాని వెనకుంది. పదో తరగతి మార్కులతో, సర్కారు బడి పిల్లలకు అదనపు మొగ్గుతో, ఆరేళ్ల చదువు. మన జిల్లాకు ఆ ట్రిపుల్ ఐటీ 2016లో వచ్చింది, ఎచ్చెర్ల మండలంలో ఉంది. రాజాంలో జీఎంఆర్ కాలేజీ, టెక్కలిలో ఆదిత్య కాలేజీ ఉన్నాయి. పిల్లలు దూరం పోకుండానే చదవడానికి దారులున్నాయి. ఆ చదువు చివర పని చోటు చూపించే చేయి ఎంత గట్టిదన్నదే ప్రశ్న.

2023 మొదట్లో మన కుర్రాడు ఆఖరి సెమిస్టరుకు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీకి వెళ్లాడు. మొదటి నెల స్టైపెండు పడగానే ఇంటికి ఫోను చేశాడు.

"ఎంత పడిందిరా?"

"తక్కువే నాన. జీతం కాదు గదా. కానీ ఎవుడికీ రూపాయి ఇవ్వలేదు."

ఏప్రిల్‌లో మళ్లీ ఫోను. ఆ నెల 19న సంతబొమ్మాళి మండలంలోని మూలపేట దగ్గర గ్రీన్‌ఫీల్డ్ పోర్టుకు అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం 4,362 కోట్ల రూపాయలు. కొడుకు ఆ వార్త ఫోనులో చూశాడు.

"నాన, మనూరి పక్కనే పోర్టంట గదా."

"ఔను. లారీలు తిరుగుతున్నాయి. పనోల్లంతా బయటోల్లే. నువ్వక్కడ, ఆల్లిక్కడ."

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ మండలం అభివృద్ధి పేరు చాలాసార్లు విన్నది. 2011లో కాకరాపల్లి థర్మల్ కేంద్రానికి ఎదురు నిలిచిన ఊళ్ల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. భూమి ఇచ్చినవాడి ఇంట్లో పిల్లాడికి పని చూపించని ప్రాజెక్టును ఈ తీరం నమ్మదు. నమ్మాల్సిన అవసరమూ లేదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి మనుషులున్న ప్రతి సంస్థా, కాంట్రాక్టు కార్మికులతో కలిపి తన బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి, వాళ్లకు స్టైపెండు ఇవ్వాలి. క్రేను నడపడం, సముద్రపు అడుగు తవ్వే డ్రెడ్జరు, విద్యుత్తు, సరుకుల లెక్క, వెల్డింగు, సర్వే... పోర్టులో లేని పని లేదు. టెక్కలి, పలాస, సోంపేట వైపు ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో, డిగ్రీ, ఇంజనీరింగు కాలేజీలలో చదివే పిల్లలకు ఆ పోర్టు గేటే రెండో తరగతి గది కావాలి. కాలేజీలు పోర్టు సంస్థతో రాతపూర్వకంగా ఒప్పందాలు చేసుకోవాలి. జిల్లా కలెక్టరు ఆ లెక్క ప్రతి ఏడాదీ బయట పెట్టాలి.

తల్లిదండ్రులకూ ఒక మనవి. ఈ జూన్‌లో ఏ యూనివర్సిటీ గేటు ముందు నిలబడినా, గోడ మీద అంటించిన ఫొటోలు చూసి ఫీజు కట్టకండి. పిల్లల్ని ఏ ఫ్యాక్టరీకి పంపుతారు, ఎన్ని నెలలు, స్టైపెండు ఎంత, అక్కడ దగ్గరుండి చూసే అధ్యాపకుడు ఎవరు అని అడగండి. కిందటేడు వెళ్లిన పిల్లల్లో ఇద్దరితో మాట్లాడించమనండి. మాట్లాడించకపోతే ఆ గేటు దాటకండి. మూలపేటలో ఎంతమంది అప్రెంటిస్‌లను తీసుకున్నారో వచ్చే గ్రామసభలో లేచి నిలబడి అడగండి.